ఆటలో మరణము, దాని వెల

కంప్యూటరుపై నాడు ఆటలలో పాత్రధారణక్రీడ యనునది యొక తెగ. ఇందు ఆటగాడు యోధుడుగనో, మాంత్రికుడుగనో, వైద్యుడుగనో వేషము దాల్చి, ఇంటర్నెట్టు మూలమున నెన్నడును చూడని యితరులతో గూడి యొక కల్పితలోకమున సంచరించును. అచటి మృగములను జయించినకొలది వానికి 'అనుభవము' అను పేర మార్కులు చేరును. అవి నిండినపు డొక మెట్టు పైకెక్కును. ఇది తల్లిదండ్రుల కొరకు వ్రాసితిని. విద్యార్థులే నాకు చెప్పగలరు.

ఈ తెగలో 1999 మార్చి 16వ తేదీన అమెరికాలో వెలువడిన 'ఎవర్‌క్వెస్ట్' మిక్కిలి పేరొందినది. దానిపై ఫిర్యాదులును అంతే మెండు. వానిలో మొదటిది మరణమును గూర్చినది. పాత్ర చచ్చినచో సంపాదించిన అనుభవములో కొంత పోవును. ఒక్కొక్కప్పుడు ఎక్కిన మెట్టే దిగవలసివచ్చును. అంతటితో తీరదు. పాత్ర దూరమున నున్న తన మకాములో మరల లేచును గాని, తొలినాళ్లలో కవచము, ఖడ్గము, సంచులు అన్నియు శవముపైననే యుండెడివి. చంపిన మృగము లింకను అచ్చటనే తిరుగుచుండగా వట్టిచేతులతో పోయి వానిని తెచ్చుకొనవలసి యుండెడిది. గడువులోపల తేనిచో శవమును సొత్తును మాయమయ్యెడివి. సాయంకాలమంతయు పడిన శ్రమ యొక్క క్షణములో గంగపాలయ్యెడిది.

ఇది క్రూరమని తోచును గాని, నేను దీనిని పూర్తిగా నిందింపజాలను. శవమును లాగి తెచ్చుటకు ఇతరులకు అనుమతి యిచ్చు వీలు అందు గలదు. మృతుని లేపి, పోయిన అనుభవములో కొంత మరల నిప్పింపగల వైద్యపాత్రలును గలవు. కావున ఆపదలో నున్నవాడు పొరుగువానిని పిలువక తప్పదు. పిలుపు విని వచ్చినవాడు స్నేహితుడగును. భయము నిజమైనది గనుకనే సాహసమును నిజమయ్యెను.

ఇట్టి ప్రయోజన మేమియు లేని కష్టములే నిజముగ విసుగు పుట్టించునవి. మాంత్రికుడు శక్తి కూడదీసికొనుటకు కూర్చుండినచో మంత్రపుస్తకము తెరనంతయు కప్పివేసెడిది. 35వ మెట్టు వరకు వెనుకనుండి యెవరు వచ్చినను కనబడెడిది కాదు. ఇందువలన నేర్చుకొనదగిన దేమి? పలాడిన్, రేంజర్ మొదలగు మిశ్రవృత్తులవారు పైమెట్టెక్కుటకు సుమారు 40 శాత మధికముగా అనుభవము గడింపవలసి యుండెడిది. గుంపులో పంపకము జరిగినపు డా భారము తోడివారిపైనను పడుటచే అట్టివారిని చేర్చుకొనుటకే కొందరు వెనుదీసిరి. మరణభయము మనుష్యులను కలిపెను. ఈ నిబంధన విడదీసెను. తరువాత దీనిని తొలగించుట న్యాయమే.

2004 నవంబరు 23న వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటలో మరణశిక్ష మిక్కిలి తేలిక. ఆత్మరూపమున శవము వరకు నడచిపోయినచో చాలును. అనుభవము పోదు, కవచము కొంత అరుగును. కాని దీని కథలో నాకు వింతగా తోచినది వేరు. ఇది ప్రజలకు విడుదల కాకముందు, పరీక్షాకాలమున, ఎక్కువసేపు ఆడినవారికి వచ్చు అనుభవమును సగమునకు తగ్గించిరి. మితముగా ఆడుడని దీని భావము. ఆటగాండ్రు మండిపడిరి. అంతట నిర్మాతలు సగమును సాధారణమని పిలిచి, మెట్టునకు వలయు మొత్తమును ఇనుమడింపజేసి, విశ్రాంతి గొన్నవారికి రెండింత లిచ్చెదమనిరి. లెక్క దాదాపు మారలేదు. కోపము మాత్రము చల్లారెను. నూటికి పది మార్కులు కోసితిమన్న బాలుడు ముఖము చిట్లించును. తొంబది వేసితిమన్నచో నవ్వును.

ఈ ఏర్పాటులో పాత్రను సత్రమున నుంచి ఆట మానినచో, 8 గంటలకు మెట్టులో 5 శాతము చొప్పున విశ్రాంతి నిలువచేరును; గరిష్ఠము ఒకటిన్నర మెట్టు. అనగా 10 దినములు ముట్టకున్నను, వానికి ఆటలో లాభమే గాని నష్టము లేదు. పరీక్షలు సమీపించినపుడు ఈ సంఖ్యను ఏ బాలుడును నా యెదుట ప్రస్తావించుట నేను వినలేదు.