హథ్‌ఖోజ్‌కు దగ్గరి సముద్రం

హథ్‌ఖోజ్‌లో కంటికి ఆనేదంతా ఇనుమే. రేకుల షెడ్లు, లోడుతో నిలబడ్డ ట్రైలర్లు, గ్రైండర్ల రొద, వెల్డింగ్ మెరుపులు. భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని ఆసరా చేసుకుని పెరిగిన భారీ పరిశ్రమల వాడ ఇది. ఛత్తీస్‌గఢ్‌కు సముద్రం లేదు. తీరం చూడాలంటే ఐదు వందల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. అయినా ఇక్కడి తెలుగు ఇళ్లలో బీచ్ మాట వస్తే పూరీ, గోవా తర్వాతే. ముందు విశాఖ ఆర్కే బీచ్.

దీనికి కారణం రైలు పట్టాలు. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి 1931లోనే లైను పడింది. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎందరో ఆ పట్టాల మీదుగానే పనికి వచ్చారు. కొలిమి దగ్గర కుదురుకున్నారు, పిల్లల్ని హిందీ బడుల్లో చదివించుకున్నారు. పెళ్లికో, పండక్కో ఊరెళ్లినప్పుడు పిల్లలకు ఒక పూట సముద్రం చూపించి తీసుకురావడం ఆనవాయితీ. 2024 సెప్టెంబరు 16న దుర్గ్–విశాఖ వందే భారత్ మొదలయ్యాక ఆ ప్రయాణం సుమారు 8 గంటలకు వచ్చేసింది. తెల్లవారుజామున బండెక్కితే సాయంత్రం అలల దగ్గర ఉండొచ్చు.

ఆ ఒడ్డున భిలాయ్‌తో చుట్టరికం కలిసేది ఒకటి ఉంది. ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి. ఇదీ సోవియట్ యూనియన్‌లో తయారైనదే. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకుంది. 2002 ఆగస్టు నుంచి ఒడ్డునే మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారం. ముందు కాలు వేసి, తల వంచి, అప్పుడు ఒళ్లంతా లాక్కోవాలి. టార్పెడోల పక్కనే నావికుల ఇరుకు పడకలు. నెత్తికి తగిలేంత దగ్గరగా పైపులు, వాల్వులు, మీటర్లు. ప్లాంటులో ఫిట్టర్‌గా, వెల్డర్‌గా చేసినవాళ్లు అక్కడ తొందరగా కదలరు. ఆ అతుకులు, ఆ చక్రాలు వాళ్లకు తెలిసిన భాషే.

బంధం అంతటితో ఆగలేదు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌కు స్టీల్ అథారిటీ సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు ఇచ్చింది. బొకారో, రూర్కెలాతో పాటు భిలాయ్ కూడా ఆ ఉక్కు తయారు చేసింది. సముద్రం లేని ఊరు సముద్రంలో తేలే ఓడకు ఒంటినిచ్చింది. ఈ మాట హథ్‌ఖోజ్ పిల్లలకు బడిలో చెప్పాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది అంత గర్వపడేది కాదు. భిలాయ్ కొలిమికి కావలసిన కోకింగ్ కోల్‌లో విదేశాల నుంచి వచ్చే భాగం విశాఖ పోర్టులోనూ దిగుతుంది. పెద్ద ఓడల కోసం అక్కడ ఔటర్ హార్బర్ కట్టి 1976లో ప్రారంభించారు. ఆ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ గోడలు దాన్ని దారిలోనే ఆపేస్తాయి. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక రాదు, కెరటం మాత్రం ఉన్నదాన్ని కోసుకుపోతూనే ఉంటుంది. అందుకే డ్రెడ్జర్‌తో తవ్విన ఇసుకను మళ్లీ ఆ ఒడ్డున పోస్తుంటారు. మనం ఇసుక గూళ్లు కట్టుకునే చోట కొంత ఇసుక యంత్రాలు తెచ్చి పోసిందే. ఉక్కు మీద బతికే ఊళ్లన్నిటికీ ఆ బీచ్ బాగోగుల్లో బాధ్యత ఉందని నా నమ్మకం.

కథల్లో, సినిమాల్లో ఈ తీరానికి పెద్ద పీటే వేశారు. 1978లో బాలచందర్ 'మరో చరిత్ర'ను విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. మద్రాసు సఫైర్ థియేటర్లో అది 596 రోజులు ఆడింది. 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీలోకి వెళ్లింది, కథాస్థలం గోవాకు మారింది. భిలాయ్‌లో హిందీ వాళ్లు గోవా అనుకున్న ఆ ప్రేమకథ పుట్టిల్లు మన భీమిలి. కవి శ్రీశ్రీ పుట్టింది విశాఖలోనే. కథకుడు రావిశాస్త్రి లాయరుగా బతికిందీ ఆ ఊళ్లోనే. సముద్రం కళ్లెదుట ఉన్నా ఆయన చూపు కోర్టు వరండాలో నిలబడ్డ పేదవాడి మీదే నిలిచింది. ఆ తీరం వదిలి కొలిమి దగ్గరకు వలస వచ్చినవాడి మీద కూడా అలాంటి కథ రావాలి. రాయగలవాళ్లు భిలాయ్ ఇళ్లలోనే ఉంటారు.

మాఘ పౌర్ణమి నాడు అదే తీరంలోని పూడిమడకలో జనం సముద్ర స్నానానికి పోటెత్తుతారు. ఆ రోజే ఇక్కడ రాజిమ్‌లో మహానది ఇసుకలో మేళా మొదలవుతుంది. భిలాయ్‌కి అటూ ఇటూ పారే శివనాథ్, ఖారూన్ నీళ్లు మహానదిలో కలిసి చివరికి బంగాళాఖాతానికే చేరతాయి. రెండు చోట్లా మునక వేసేది ఒకే నీళ్లలో అనుకోవచ్చు.

ఇక ఆటలు. బీచ్ వాలీబాల్‌లో జట్టుకు ఇద్దరే, 1996 అట్లాంటాలో ఒలింపిక్స్ ఎక్కింది. బీచ్ కబడ్డీలో నలుగురే, కాలు దిగబడే ఇసుకలో కూత పెట్టి రావాలి. వాటన్నిటికంటే నన్ను ఆపేసింది గోలి శ్యామల ఈత. సామర్లకోట ఆడపడుచు, యాభై దాటిన మనిషి. 2024 డిసెంబరు 28న ఆర్కే బీచ్‌లో దిగి, రోజుకు కొంత చొప్పున ఈదుతూ 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ తీరం చేరారు. సుమారు 150 కిలోమీటర్లు. నడివయసులో ఈత నేర్చుకున్న ఆమె సాధించింది ఇది.

ఆమె వెంట పడవలు, సహాయకులు ఉన్నారు. సెలవుకు వెళ్లే మనకు అవేవీ ఉండవు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే లాగుడు ఎక్కువ. అక్కడ మునిగి పోయినవాళ్లలో దూరం నుంచి వచ్చి సముద్రం తీరు తెలియని కుర్రాళ్లు ఎందరో. చెరువులోనో నదిలోనో ఈదిన ధీమా అక్కడ పనికిరాదు. భిలాయ్ నుంచి వెళ్లే అన్నలు, అక్కలు, పిల్లల చేయి వదలకండి, ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకుని వెనక్కి రండి. స్నానమే చేయాలనుంటే లైఫ్‌గార్డులు ఉండే రుషికొండకు వెళ్లి, వాళ్లు చూపిన హద్దు లోపలే ఉండండి.