పాత పైసాని తోమీకండి

మా చోడవరం దగ్గర ఊళ్లల్లో ట్రంకు పెట్టె అడుగునో, దేవుడి గూట్లోనో అప్పుడప్పుడు పాత రాగి నాణెం దొరుకుతాది. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా కావచ్చు. దొరకగానే మనోళ్లు చేసే పనేటి? చింతపండెట్టి తోమడం, బొటనవేలితో రుద్దడం, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం. దాని విలువ అక్కడే పోతాది.

యూట్యూబ్‌లో చెప్పినట్టు లక్షలొచ్చీవు. ఆ పావు అణాలు లెక్కలేనన్ని ముద్రించారు. దొరకడం గొప్ప కాదు, చెడిపోకుండా ఉండడమే గొప్ప.

వేలి చెమటలో ఉప్పు, జిడ్డు, ఆమ్లం ఉంటాయి. అవి రాగిని తింటాయి. ముట్టుకున్న రోజు ఏమీ కనబడదు. కొన్నాళ్లకి వేలిముద్ర ముదురు గీతల్లా తేలుతాది. అప్పుడు తుడిచినా పోదు.

గ్రేడింగ్‌లో నాణేనికి 1 నుంచి 70 దాకా మార్కులేస్తారు. 60, ఆపైన వచ్చేవి చలామణిలో అరగని నాణేలు. అలాంటిదానికి కూడా వేలిముద్ర పడితే మార్కు తగ్గొచ్చు. తోమినదైతే చాలాసార్లు మార్కే ఇవ్వరు, ‘శుభ్రం చేసినది’ అని రాసేస్తారు. ఆ మెరుపు మనకి ముచ్చట, కొనేవాడికి అనుమానం.

అందుకే నాను చెప్పేదేటంటే, చేతులు కడిగి ఆరబెట్టుకోండి. రెండు వేళ్లతో అంచు మాత్రమే పట్టుకోండి. కింద మెత్తటి గుడ్డ పరవండి. పీవీసీ కవర్లో పెట్టీకండి, పచ్చటి జిగురు పడతాది. మురికుంటే ఉండనీండి, అలాగే ఒగ్గేయండి.