మంచి శబ్దం కోసం మదర్‌బోర్డు ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఫైలులోని అంకెలు మదర్‌బోర్డు మీద శబ్దంగా మారే దారిని వివరించగలుగుతారు.
• సిగ్నల్–నాయిస్ నిష్పత్తిని వోల్టులలోకి మార్చి అర్థం చేసుకోగలుగుతారు.
• స్పీకర్లలో వినిపించే హోరు బోర్డు లోపమో, ఇంటి వైరింగ్ లోపమో తేల్చుకోగలుగుతారు.

1. పరిచయం

కొత్తచెరువులో ఉన్న మీరు సంగీతం వినడానికి ఒక కంప్యూటర్ సమకూర్చుకుంటున్నారనుకుందాం. పక్కనే ఉన్న పుట్టపర్తి నుంచి 2001లో మొదలైన రేడియో సాయి భజనలు, సీడీల నుంచి ఎక్కించుకున్న కచేరీలు, మీ దూరవిద్య ఆడియో పాఠాలు వినాలన్నది మీ కోరిక. దుకాణదారు రెండు మదర్‌బోర్డులు చూపించి, "ఇది ఆడియోకు ప్రత్యేకం" అని ఒకదానికి రెట్టింపు ధర చెబుతాడు. ఆ అదనపు ధరకు మీ చెవికి దక్కేది ఏమిటి? ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతుంది.

2. శబ్దం నడిచే దారి

ఫైలులో ఉన్నది అంకెలే. సీడీ ప్రమాణంలో ఒక్కో ఛానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు ఉంటాయి. ప్రాసెసర్ ఈ అంకెలను కోడెక్ అనే చిన్న చిప్పుకు పంపుతుంది. 2004లో ఇంటెల్ ప్రవేశపెట్టిన హెచ్‌డీ ఆడియో ప్రమాణం ఈ రాకపోకలను నిర్దేశిస్తుంది. కోడెక్ అంకెలను వోల్టేజిగా మారుస్తుంది. ఆ వోల్టేజి చిన్న యాంప్లిఫయర్ గుండా వెనుకవైపు జాక్‌కు చేరుతుంది.

కోడెక్ వరకు అంతా అంకెలే కాబట్టి, కొద్దిపాటి విద్యుత్ రొద కలిసినా 1 అనేది 1గానే చేరుతుంది. కోడెక్ దాటాక ఆ రక్షణ ఉండదు. అక్కడ కలిసిన రొద శబ్దంలో భాగమైపోతుంది. అందువల్ల బోర్డుల మధ్య తేడా ప్రధానంగా ఈ చివరి కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది.

3. డెసిబెల్ అంకెను చదవడం

ఒక్కో బిట్టు దాదాపు 6 డెసిబెల్స్ వ్యాప్తిని ఇస్తుంది. 16 బిట్లకు ఇది 96 డెసిబెల్స్. రియల్‌టెక్ సంస్థ ఏఎల్‌సీ892 కోడెక్‌కు 95, ఏఎల్‌సీ1220కు 120 డెసిబెల్స్ నిష్పత్తిని ప్రకటించింది. గరిష్ఠ సిగ్నల్ 2 వోల్టులు అనుకుంటే, 95 డెసిబెల్స్ వద్ద రొద సుమారు 36 మైక్రోవోల్టులు. 120 వద్ద 2 మైక్రోవోల్టులు మాత్రమే.

అదే బోర్డు మీద, ప్రాసెసర్ కోసం 12 వోల్టులను సుమారు 1 వోల్టుకు దించే సర్క్యూట్లు సెకనుకు కొన్ని లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఆ వేగం మన చెవికి అందదు. కానీ ప్రాసెసర్ పని పెరిగి తగ్గినప్పుడు కరెంటు కూడా మారుతుంది, ఆ మార్పు చెవికి అందుతుంది. మౌస్ కదిపితే హెడ్‌ఫోన్‌లో కీచుమనడానికి ఇది ఒక కారణం. చిప్పుకు 120 డెసిబెల్స్ ఉన్నా, బోర్డు అమరిక సరిగా లేకపోతే జాక్ దగ్గర అంత నిష్పత్తి మిగలదు.

4. మంచి బోర్డులో చూడవలసినవి

(అ) స్థానం: ఆడియో భాగం బోర్డు అంచున, ప్రాసెసర్ విద్యుత్ సర్క్యూట్లకు దూరంగా ఉండాలి.
(ఆ) విద్యుత్తు: కోడెక్‌కు సొంత లీనియర్ రెగ్యులేటర్ ఉంటే మేలు.
(ఇ) గడియారం: 44.1 కిలోహెర్ట్జ్ కుటుంబానికి 22.5792, 48 కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జ్ గడియారాలు సరిపోతాయి. రెండు రేట్ల నిష్పత్తి 147:160 కాబట్టి ఒకదాని నుంచి మరొకదానికి మార్చడానికి లెక్కలు కట్టాలి. సీడీ పాటలు వినేటప్పుడు సెట్టింగులలో 44,100 ఎంచుకుంటే ఈ మార్పిడి అవసరం తప్పుతుంది.
(ఈ) అవుట్‌పుట్ నిరోధం: ఇది 75 ఓములు ఉండి, హెడ్‌ఫోన్ 32 ఓములైతే, హెడ్‌ఫోన్‌కు అందే వోల్టేజి 32/(75+32), అంటే 30 శాతమే. పైగా హెడ్‌ఫోన్ నిరోధం పౌనఃపున్యంతో మారితే స్వరాల సమతూకం కూడా చెడుతుంది. హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకు మించకుండా ఉండటం మంచిది.

బంగారు రంగు కెపాసిటర్లు, మెరిసే దీపాలు ఈ పట్టికలో లేవని గమనించండి. క్యాబినెట్ ముందువైపు జాక్‌కు వెళ్ళే సన్నని తీగ బోర్డు మీదుగా రొదను ఏరుకుంటూ వెళ్తుంది. కాబట్టి వెనుక జాక్ వాడి చూడండి. దానికి ఖర్చు లేదు.

5. హోరు ఎక్కడిది?

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. నా గదిలో పాత తంబుర రికార్డింగు పెడితే, శ్రుతి కింద మరో శ్రుతిలా సన్నని హోరు వినిపించేది. బోర్డుదే తప్పని తీర్మానించి ఖరీదైన బోర్డు కొన్నాను. హోరు అలాగే ఉంది. చివరకు ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, ఎర్తు తీగ గొయ్యి దగ్గర తుప్పుపట్టి తెగిపోయి ఉంది. తీగ మార్చిన రోజునే హోరు పోయింది.

కారణం ఇది. కంప్యూటర్ పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్ది కరెంటు ఎప్పుడూ క్యాబినెట్‌కు కారుతుంది. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. చేయి తగిలితే జివ్వుమనేది దీనివల్లే. ఆ కరెంటు ఆడియో తీగ కవచం గుండా యాంప్లిఫయర్ వైపు దారి వెతుక్కుంటుంది. అదే 50 హెర్ట్జ్, దాని రెట్టింపుల హోరు.

కొన్నిచోట్ల దీనికి తలకిందుల పరిస్థితి ఉంటుంది. కంప్యూటరు, యాంప్లిఫయరు వేర్వేరు ప్లగ్గుల ఎర్తులకు కలిసి ఉంటే, ఆడియో తీగతో ఒక వలయం ఏర్పడి హోరు పుడుతుంది. అప్పుడు కొందరు ప్లగ్గు ఎర్తు పిన్ను తీసేస్తారు. హోరు తగ్గవచ్చు. కానీ లోపల ఫేజు తీగ ఊడి క్యాబినెట్‌కు తగిలిన రోజున ఆ పిన్ను లేకపోతే ప్రాణం పోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. రెండింటినీ ఒకే ప్లగ్గు బోర్డుకు కలపండి, లేదా ఆప్టికల్ తీగ వాడండి. అందులో వెళ్ళేది వెలుగు కాబట్టి వలయం తెగిపోతుంది.

మన ప్రాంతంలో వానలు తక్కువ, నేల ఎండి ఉంటుంది. ఎండిన నేల నిరోధం ఎక్కువ. అందుకే పెద్దలు ఎర్తు గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్ళు పోయమంటారు.

6. సారాంశం

ముందు ఎర్తు సరిచూడండి. తరువాత వెనుక జాక్, రేటు సెట్టింగు సరిచూడండి. అప్పటికీ రొద ఉంటే మామూలు బోర్డునే ఉంచి, బయట యూఎస్‌బీ డీఏసీ ఒకటి కొనండి. అంకెల నుంచి వోల్టేజికి మార్పు బోర్డు రొదకు దూరంగా జరుగుతుంది; కంప్యూటర్ మార్చినా అది మీతో ఉంటుంది. కుదించిన ఫైలులో పోయిన వివరాలను మాత్రం ఏ బోర్డూ తిరిగి తేలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గరిష్ఠ సిగ్నల్ 1 వోల్టు, నిష్పత్తి 100 డెసిబెల్స్ అయితే రొద ఎంత? (జవాబు: 10 మైక్రోవోల్టులు)
2. బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే స్పీకర్లలో హోరు మొదలైంది. దీని నుంచి మీరు ఏమి గ్రహిస్తారు?
3. ఎర్తు పిన్ను తీసివేయడం ఎందుకు ప్రమాదకరమో ఐదు వాక్యాలలో రాయండి.