మిద్దె మీద పంపు ఎందుకు మొత్తుకుంటోంది?

రాత్రి పదకొండు. ఇంట్లో కొళాయిలన్నీ కట్టేశారు. అయినా మిద్దె మీద ప్రెషర్ పంపు టక్‌మని ఆన్ అవుతుంది, నాలుగైదు సెకన్లు గుర్రుమని ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ టక్. పొద్దున సోలార్ హీటర్ కొళాయి తిప్పితే ఉడుకునీళ్ళకు బదులు గోరువెచ్చటి నీళ్ళు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసే మొదలయ్యాయా? అయితే పంపు మార్చకండి, సోలార్ గొట్టాలూ మార్చకండి. ముందు ఇది చదవండి.

మాది కోయిలకుంట్ల. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఎండకు కరువు లేని చోటు. ఓర్వకల్లు వైపు వెళితే 1000 మెగావాట్ల సోలార్ పార్కే కనిపిస్తుంది. అది కరెంటు తయారుచేసేది, మా మిద్దె మీద ఉన్నది ఊరికే నీళ్ళు కాచేది, 200 లీటర్లది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చలికాలం తెల్లారుజామున ఉడుకునీళ్ళు పోసుకుంటే గానీ కాళ్ళు కదలవు. మొన్న డిసెంబరులో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరికెళితే, ఆమె మళ్ళీ పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి ఉంది. ఆ మోకాళ్ళతోనే మసిలే నీళ్ళ బకెట్ మోసుకుని రెండు మెట్లెక్కి బాత్రూంలోకి వెళుతోంది. అసలు భయం నాకక్కడ.

అప్పటికే ఇద్దరు వచ్చి చూసిపోయారట. పంపాయన "బేరింగ్ పోయిందన్నా, కొత్తది వేద్దాం" అన్నాడు. పదివేల పైమాటే. సోలారాయన "మీది ఉప్పునీళ్ళు సార్, గొట్టాల్లో సున్నం పట్టేసింది, అన్నీ మార్చాల" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి సామాను వాళ్ళు చూశారంతే. ఆ రెండింటి మధ్య ఉన్న పైపును ఎవరూ చూడలేదు. మా ఆఫీసులో రోజూ జరిగేదే ఇది. రెండు టీములూ "మా వైపు అంతా ఓకే" అంటాయి, బగ్ మాత్రం మధ్యలో కూర్చుని ఉంటుంది.

సోలార్ హీటర్‌లో పంపు ఉండదు. గొట్టాల్లో వేడెక్కిన నీళ్ళు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, బరువైన చన్నీళ్ళు కిందికి దిగుతాయి. సాయంత్రం దాకా అదే తిరుగుడు. అక్కడి నుంచి బాత్రూంకు నీళ్ళు దిగేది కూడా ఎత్తు వల్లే. మూడు మీటర్ల ఎత్తు ఉంటే వచ్చే ఒత్తిడి దాదాపు 0.3 బార్. మేం కొన్ని నెలల కిందట పై అంతస్తు షవర్ సన్నగా వస్తోందని చన్నీళ్ళ లైనుకు ప్రెషర్ పంపు పెట్టించాం. దాన్ని 1.5 బార్‌కు సెట్ చేశారు. అంటే ఉడుకునీళ్ళ కంటే చన్నీళ్ళు అయిదింతలు గట్టిగా తోస్తున్నాయి. రెండూ కలిసేది బాత్రూంలోని మిక్సర్ దగ్గర.

అసలు క్లూ ఇచ్చింది అమ్మ. కాఫీ ఇస్తూ మాటవరసకు అంది: "పొద్దున్నే సన్నీళ్ళ కొళాయిలో గూడా వెచ్చంగ వస్తాండాయి నాయనా. ఈ సోలార్ పాడుగాను, యాడ కాచాల్నో దానికే తెల్దు."

చన్నీళ్ళ కొళాయిలో వెచ్చటి నీళ్ళా? డిసెంబరు తెల్లారుజామునా? మిద్దెక్కి మామూలు ట్యాంకులో చెయ్యి పెట్టి చూశా. నిజమే. సోలార్ ట్యాంకులో ఉండాల్సిన వేడి ఇక్కడుంది.

ఆ రాత్రి పంపు టక్‌టక్ మొదలుపెట్టగానే పైకెళ్ళి, సోలార్ ట్యాంకు నుంచి ఉడుకునీళ్ళు దిగే పైపు వాల్వ్ మూసేశా. పంపు ఒక్కసారి మోగి ఆగింది. పావుగంట నిలబడినా చప్పుడు లేదు. వాల్వ్ తెరిచా, మళ్ళీ టక్. బేరింగ్ పోయిన పంపయితే ఇలా వాల్వ్ మాట వినదు కదా! ఇక కిందికొచ్చి ఒక్కో బాత్రూంలో మిక్సర్ వెనక ఉండే చిన్న వాల్వులు మూసుకుంటూ పోయా. కింది బాత్రూం దగ్గర దొరికింది.

అక్కడ మిక్సర్‌కు చేతి షవర్ ఉంది, దాని చివర బటన్ ఉంది. నాయన స్నానం అయ్యాక ఆ బటన్ ఒక్కటే నొక్కి వచ్చేస్తారు. వేడి నాబ్, చల్ల నాబ్ రెండూ కొంచెం కొంచెం తెరిచే ఉంటాయి. ఎందుకలా అంటే, "ఒకసారి కుదిరినాక దినామూ తిప్పుకుంటా కూసోవాల్నా?" అన్నారు. న్యాయమే. కానీ బయటికి దారి లేని చన్నీళ్ళు మిక్సర్ లోపలి నుంచే ఉడుకునీళ్ళ పైపులోకి దూరి, వెనక్కి ఎక్కి, సోలార్ ట్యాంకు నెత్తిన పడుతున్నాయి. ఆ ట్యాంకు నిండుగా ఉంటుంది కాబట్టి, అందులోని వేడినీళ్ళు చన్నీళ్ళు వచ్చే దారిలోనే పక్క ట్యాంకులోకి పోతున్నాయి. అక్కడి నుంచి మళ్ళీ పంపులోకి. సన్నటి ధార కాబట్టి పంపు ఒత్తిడి నింపి ఆగుతుంది, ఒత్తిడి జారగానే మళ్ళీ లేస్తుంది. 55 డిగ్రీల నీళ్ళు వంద లీటర్లకు 25 డిగ్రీలవి వంద కలిస్తే 40. అవి పైపులో దిగివచ్చేసరికి గోరువెచ్చనే. 200 లీటర్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే గీజర్‌కు దాదాపు 5.8 యూనిట్లు కావాలి. ఎండ ఉచితంగా ఇచ్చిన ఆ వేడిని రాత్రంతా కరెంటు కాల్చి మరీ పారబోస్తున్నామన్నమాట.

చలి దేశాల ఇళ్ళలో సెంట్రల్ హీటింగ్ అనేది కావాలని పెట్టుకున్న ఇలాంటి చుట్టే. బాయిలర్ నీళ్ళు కాచి ఇస్తే, పంపు వాటిని గదిగదిలోని రేడియేటర్ల గుండా తిప్పి వెనక్కి తెస్తుంది. బర్మింగ్‌హామ్‌లో ఉండే నా బీటెక్ ఫ్రెండ్‌కు అక్కడ ఇదే గోల, పంపు గరగర, రేడియేటర్లు గోరువెచ్చన. నేను అడిగింది ఒక్కటే: "చెయ్యి పెట్టి చూడు, పైన చల్లగా ఉందా, కింద చల్లగా ఉందా?" పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. హీటింగ్ ఆపి, చల్లారాక, చిన్న తాళంచెవితో పక్కనున్న స్క్రూ వదులు చేస్తే గాలి బుస్సుమని పోతుంది. తర్వాత ఒత్తిడి తగ్గితే మళ్ళీ నింపుకోవాలి, మామూలుగా చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్. కింద చల్లగా ఉంటే ఇనుము తుప్పు నల్లటి బురదై అడుగున పేరుకున్నట్టు. వాడిది రెండోది. దాన్ని కడిగించాల్సింది ఇంటి ఓనర్. బాయిలర్ జోలికి మాత్రం పోవద్దన్నా. గ్యాస్ పని అక్కడ రిజిస్టరైన వాళ్ళే చేయాలి.

మన పంపులకొస్తే, మోతలన్నీ ఒకటి కావు. గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడొస్తే పంపుకు నీళ్ళు సరిగా అందడం లేదు. ఫిల్టర్ జాలీ చెత్తతో మూసుకుపోయిందేమో, ట్యాంకులో నీళ్ళు అడుగంటాయేమో చూడండి. ఊఁ అని మూలుగుతూ తిరగకపోతే ఎక్కువసార్లు కెపాసిటరే, వెంటనే స్విచ్ ఆపేయండి, లేదంటే వైండింగ్ కాలుతుంది. ఏం ముట్టుకోవాలన్నా ముందు మెయిన్ ఆపాల్సిందే. సోలారాయన చెప్పిన సున్నం కూడా కొట్టిపారేసేది కాదు, మా బోరు నీళ్ళకు బకెట్లే తెల్లగా అవుతాయి. అయితే దాన్ని వదిలించడానికి బాత్రూం యాసిడ్ పోసేవాళ్ళున్నారు, స్టీల్ ట్యాంకును అది తినేస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఖాళీ గాజు గొట్టాల్లోకి చన్నీళ్ళు వదిలితే పగిలిపోతాయి, ఆ పని తెల్లారుజామునే పెట్టుకోవాలి.

నాబ్‌లు కట్టేసిన మొదటి రాత్రే పంపు నోరు మూసింది. రెండో పొద్దుకు నీళ్ళు కాలాయి. కానీ నాయన ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటారు? అందుకే ఉడుకునీళ్ళ లైనులో ఒక నాన్ రిటర్న్ వాల్వ్ వేయించాం. స్ప్రింగ్ రకం కాదు, రేకు తలుపులా ఊగే రకం, ఎందుకంటే మా 0.3 బార్‌కు స్ప్రింగ్ సరిగా తెరుచుకోదు. దాని మీది బాణం గుర్తు బాత్రూం వైపు ఉండాలి. అది ఒక్కటే సరిపోదు కూడా. చన్నీళ్ళ ఒత్తిడి అంతే ఉంటే ఆ వాల్వ్ మూసుకుపోయి, రెండు నాబ్‌లూ తిప్పినప్పుడు వేడినీళ్ళు అసలే రావు. అందుకని కింది బాత్రూం చన్నీళ్ళ లైనును పంపు నుంచి తప్పించి నేరుగా ట్యాంకుకు కలిపాం. రెండు వైపులా ఇప్పుడు ఎత్తు ఒత్తిడే. షవర్ కాస్త నెమ్మదిగా వస్తుంది, నాయనకు అది పట్టింపు లేదు. పై అంతస్తుకు మాత్రం ఉడుకునీళ్ళను తట్టుకునే పంపు విడిగా పెట్టాలి, దానికి సంక్రాంతి అయ్యాక రమ్మన్నాం. పెరట్లో కాగు బోర్లించి ఉంది.