ఫజర్ వేళ వేడి నీళ్లు: రాత్రి కరెంటా, పగటి ఎండా?

డిసెంబరు, జనవరి నెలల్లో ఫజర్ అజాన్ వేళకు మన వసతి గృహం ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే చేతులు జివ్వుమంటాయి. పెద్ద పిల్లలు ఎలాగో వుజూ చేసుకుంటారు. చిన్నవాళ్లు ముంజేతులు తడిపీ తడపనట్టు తడిపి సఫ్‌లో చేరిపోతారు. బడిపంతుళ్లం కాబట్టి ఆ దొంగచూపులు మాకు వెంటనే తెలిసిపోతాయి. చలిలోనూ వుజూ సంపూర్ణంగా చేసేవారికి గొప్ప పుణ్యం ఉందని హదీసుల్లో ఉంది. అయినా ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ మాట చెప్పి ఊరుకోవడం మాకు న్యాయంగా తోచలేదు.

కిందటి చలికాలంలో ఒక కుర్రాడు బకెట్లో హీటర్ రాడ్ పెట్టి, స్విచ్ ఆపకుండానే నీళ్లు కాగాయో లేదోనని వేలు పెట్టాడు. అల్లాహ్ దయవల్ల ఎగిరి వెనక్కి పడ్డాడే తప్ప ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ రోజే రాడ్లన్నీ తీయించేశాం. వాటి బదులు ఏం పెట్టాలన్నది అప్పటినుంచీ నలుగుతూనే ఉంది.

బ్రిటన్‌లో ఉంటున్న దాత ఒకరు పెద్ద గీజర్, దానికి టైమర్ పెట్టమన్నారు. అక్కడ ‘ఎకానమీ సెవెన్’ అనే పద్ధతిలో రాత్రి ఏడు గంటలు కరెంటు చవక. ఇళ్లలో ట్యాంకు నీళ్లు ఆ వేళ కాగి ఉంటాయి. మంచి సలహానే, కానీ మన దగ్గర లెక్క వేరు. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటరు ఉన్నవారికి చవక కావలసింది ఎండ ఉండే గంటల కరెంటు. ఓర్వకల్లు దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కును చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. పగలు కరెంటు పుష్కలం, పొద్దుగూకాక కొరత.

రాత్రి కరెంటు చవకే అనుకుని లెక్క వేద్దాం. 40 మంది పిల్లలకు తలా 15 లీటర్ల బకెట్ అంటే 600 లీటర్లు. 20 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు 14 యూనిట్లు పడతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే రోజుకు 98 రూపాయలు, 120 రోజుల చలికాలానికి 11,760 రూపాయలు. ఐదో వంతు రాయితీ వచ్చినా 9,400 పైమాటే. అదీ ప్రతి ఏటా.

సోలార్ హీటరుకు 300 లీటర్ల ట్యాంకు చాలు. అందులో 60 డిగ్రీలకు కాగిన నీటికి అంతే చన్నీళ్లు కలిపితే 600 లీటర్ల గోరువెచ్చని నీళ్లు. గాజు గొట్టాల్లో వేడెక్కిన నీరు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లని నీరు కిందికి దిగుతుంది, పంపు అక్కర్లేదు. ట్యాంకు చుట్టూ మందపాటి ఫోమ్ పొర ఉంటుంది కాబట్టి సాయంత్రం నీళ్లు తెల్లవారుజామున కాసిని డిగ్రీలే తగ్గుతాయి. అందుకే పిల్లలు రాత్రి పడుకునేముందు వేడి నీళ్ల కుళాయి విప్పకూడదు. విప్పితే ఆ మేరకు చన్నీళ్లు లోపలికి వచ్చి ఫజర్‌కు అన్నీ చల్లబడతాయి. మబ్బు పట్టిన రోజులకు ట్యాంకులోనే ఒక కరెంటు కాయిల్ ఉండాలి, స్విచ్ వార్డెన్ గదిలో ఉండాలి.

కరెంటు పలకలు పెట్టించి గీజర్ నడపవచ్చు గదా అన్నవారూ ఉన్నారు. పలక ఎండలో ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. నీళ్లు కాచడానికే అయితే గాజు గొట్టాలు అదే జాగాలో అంతకు రెట్టింపు పైగా పనిచేస్తాయి.

ఒక పెద్దాయన మరో సందేహం లేవనెత్తారు: ఎండకు కాగిన నీటితో వుజూ మక్రూహ్ కాదా అని. ఫిఖహ్ గ్రంథాల్లో, ముఖ్యంగా షాఫయీ మజ్‌హబ్‌లో, ఈ చర్చ ఉన్నమాట నిజం. అది వేడి ప్రాంతాల్లో లోహపు పాత్రల్లో ఎండకు పెట్టిన నీళ్ల గురించి, బొల్లి వస్తుందన్న భయంతో చెప్పినది. ఆ విషయమై చెప్పే హదీసు బలహీనమని ముహద్దిసులు తేల్చారు. షాఫయీ అయిన ఇమామ్ నవవీయే మక్రూహ్ కాదన్న అభిప్రాయాన్ని బలపరిచారు. మనసులో ఇంకా శంక ఉంటే మీ మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడగండి.

మాకు అసలు భయం బోరు నీళ్లంటే. మన రాయలసీమ నీళ్లలో సున్నం ఎక్కువ. ఎవరో పుణ్యాత్ములు హీటరు ఇచ్చిన మరో వసతి గృహాన్ని చూసివచ్చాం. దాత పేరు పలక తళతళలాడుతోంది, సన్నని రాగి గొట్టాలు మాత్రం మూడేళ్లకే పూడిపోయాయి. కడిగించడానికి డబ్బు ఏ పద్దులోనూ లేదట. అందుకే వెడల్పు గాజు గొట్టాల రకమే కోరుకుంటున్నాం. అయినా ఏడాదికోసారి ట్యాంకు కడగాలి, రబ్బరు రింగులు మార్చాలి, కోతులు పగలగొట్టిన గొట్టాలు వేయించాలి.

కొటేషన్లు తీసుకుంటున్నాం. వచ్చిన ధరను 11,760తో భాగించి చూసుకోండి, ఎన్ని చలికాలాల్లో తీరుతుందో తెలుస్తుంది. జకాత్ సొమ్ము పేదవాడి చేతికి, అతడి సొంతానికి చేరాలని మన హనఫీ ఉలమా చెబుతారు కాబట్టి ఇది లిల్లాహ్, సదఖయె జారియా పద్దుల్లోనే రావాలి. ఈ ఏడు రశీదు పుస్తకంలో ‘హీటరు’ గడి పక్కనే ‘హీటరు మరమ్మతు’ అని ఇంకో గడి అచ్చు వేయించాం.