లేజర్ డయోడు: వేడి, వెలుగు, వివేకం

మన ఇళ్లలో మూలపడిన పాత సీడీ ప్లేయరు నిజానికి ఒక చిన్న ప్రయోగశాల. దాని గర్భంలో ఆవగింజ కన్నా చిన్నదైన అర్ధవాహక స్ఫటికం ఒకటి ఉంటుంది. అదే లేజర్ డయోడు. దానిని బయటకు తీసి, కటకం అమర్చి, స్వయంగా కాంతిపుంజాన్ని వెలిగించాలన్న కోరిక సాంకేతికాభిరుచి గల పిల్లలకు సహజం. అటువంటి పిల్లలున్న టూవూంబా తల్లిదండ్రులు తెలుసుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఈ డయోడు చరిత్ర అంతా వేడితో పోరాటమే. 1962లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రాబర్ట్ హాల్ బృందం వెలిగించిన తొలి డయోడును ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చవలసి వచ్చింది. గది ఉష్ణోగ్రత వద్ద ఎడతెగక వెలిగే డయోడు 1970లో గాని సాధ్యం కాలేదు. 1982లో సీడీ ప్లేయరుతో పాటు అది సామాన్యుల ఇళ్లలో ప్రవేశించింది.

లేజరు అనగానే సన్నని గీత వంటి కిరణం మన మనసులో మెదులుతుంది. కాని డయోడులో కాంతి వెలువడే ద్వారం మందం సుమారు ఒక మైక్రోమీటరే. అంత ఇరుకు నుంచి వచ్చిన కాంతి విసనకర్రలా విచ్చుకుంటుంది. కుంభాకార కటకాన్ని దాని నాభ్యంతర దూరంలో నిలిపినప్పుడే అది సమాంతర కిరణమవుతుంది.

డయోడు వేడెక్కితే అంతే వెలుగుకు అధిక విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు మరింత వేడిని పుట్టిస్తుంది. అందుకే దానిని అల్యూమినియం దిమ్మకు బిగిస్తారు. అలాగని అతిగా చల్లబరచడమూ క్షేమం కాదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పర్వతశ్రేణి అంచున నెలకొన్న టూవూంబాకు పొగమంచు కొత్త కాదు. అటువంటి తేమలో పెల్టియర్ పలకతో చల్లార్చితే కటకంపై నీటి బిందువులు పేరుకొంటాయి. వెచ్చని మధ్యాహ్నం సరిచూసిన విద్యుత్తుతోనే చలికాలపు రాత్రి వెలిగిస్తే, వెలుగు హద్దు మీరి స్ఫటికపు అంచునే కాల్చివేయవచ్చు.

డయోడు పోతే మరొకటి దొరుకుతుంది, కన్ను దొరకదు. సీడీ డయోడు వెలువరించే 780 నానోమీటర్ల పరారుణ కాంతి కంటికి దాదాపు కనిపించదు. కనిపించని వెలుగుకు రెప్ప వాలదు. డీవీడీ రికార్డరులోని ఎర్ర డయోడు కనిపించినా, దాని శక్తి 100 మిల్లీవాట్లను మించవచ్చు. అప్పుడు రెప్పపాటులోపే హాని జరిగిపోతుంది. విమానచోదకుల కళ్లపైకి ఆకతాయిలు లేజర్లు ప్రసరించిన ఘటనల తరువాత, ఒక మిల్లీవాటుకు మించిన చేతి పాయింటర్లను అనుమతి లేకుండా దిగుమతి చేసుకోరాదని ఆస్ట్రేలియా 2008లో నిషేధించింది. భారతదేశం నుంచి పెట్టెలో తెచ్చే పాయింటరుకూ ఇది వర్తిస్తుంది.

ఒక మిల్లీవాటులోపు ఎర్ర పాయింటరుతోనే పిల్లలచేత చక్కని ప్రయోగం చేయించవచ్చు. తెల్ల అట్టకు రంధ్రం చేసి, పాయింటరును అందులో కదలకుండా బిగించండి. మీటరు దూరంలో అట్టకు సమాంతరంగా సీడీని నిలిపి, కిరణాన్ని దానిపై లంబంగా పడనివ్వండి. కిరణం సాగే ఎత్తులో ఎవరి కన్నూ ఉండరాదు. రంధ్రానికి ఇరువైపులా, సుమారు 44 సెంటీమీటర్ల దూరంలో ఎర్రని చుక్కలు వెలుస్తాయి. సీడీ నుంచి చుక్కకు దూరం సుమారు 109 సెంటీమీటర్లు. 44ను 109తో భాగించి, తరంగదైర్ఘ్యమైన 650 నానోమీటర్లను ఆ ఫలితంతో భాగిస్తే దాదాపు 1,600 వస్తుంది. సీడీపై చెక్కిన జాడల మధ్య దూరం అన్ని నానోమీటర్లే!

తల వెంట్రుక మందంలో ఎన్నో వంతో అయిన దూరాన్ని వంటింటి బల్లపై కొలవగలగడం కన్నా పిల్లలకు గొప్ప ఆనందమేముంటుంది? అందుకు అధిక శక్తి గల లేజరు అక్కరలేదు.