తుఫానులో ఇంటి కప్పు దెబ్బతిన్నప్పుడు: పరిశీలన, సహాయం, బీమా

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ సమీపాన తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరం దాటి గంజాం జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. కొడల ప్రాంతంలో నివసించే తెలుగువారికి అక్టోబరు నెల అంటే ఇంటి కప్పు గురించిన దిగులే.

గాలి తగ్గిన మర్నాడు ఎవరికైనా తోచే మొదటి పని కప్పు బాగుచేసుకోవడం. అయితే బాగుపడిన కప్పును చూసి ఏ అధికారీ నష్టం నమోదు చేయలేడు. కనుక మొదట సాక్ష్యం, తరువాత తాత్కాలిక రక్షణ, చివర శాశ్వత మరమ్మతు: ఈ వరుస తప్పరాదు.

ముందుగా విద్యుత్తు మెయిన్ ఆపండి. తడిసిన సిమెంటు రేకుల మీదికి ఎక్కకండి. అవి బరువుకు విరుగుతాయి. నేల మీద నుండే ఇంటి నాలుగు వైపులా, లోపల తడిసిన గోడలను, సామానును ఫొటోలు తీయండి. పిమ్మట టార్పాలిన్ కప్పండి. దాని రసీదునూ, విరిగిన రేకులనూ, పెంకులనూ పరిశీలన ముగిసే దాకా భద్రపరచండి.

ఆర్థిక సహాయానికి రెండు దారులున్నాయి. ఒకదానికి పెట్టిన దరఖాస్తు రెండవదానికి చెల్లదు.

మొదటిది ప్రభుత్వ సహాయం. దీనికి తహశీల్దారు కార్యాలయాన్ని ఆశ్రయించాలి. 2022-26 కాలానికి నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి రూ. 1,20,000, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ. 6,500, కచ్చా ఇంటికి రూ. 4,000, గుడిసెకు రూ. 8,000. ఆ ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని ధ్రువీకరణ అవసరం. కనుక పన్ను రసీదులు, స్థలం పత్రాలు తడవని చోట ఉంచుకోండి.

పరిశీలన పత్రం ఒడియాలో ఉండవచ్చు. అందులో ‘సంపూర్ణ క్షతి’ అంటే పూర్తి నష్టం, ‘ఆంశిక క్షతి’ అంటే పాక్షిక నష్టం. ఈ ఒక్క మాట తేడాతో లక్ష రూపాయలకు పైగా సహాయం మారిపోతుంది. చదివించుకోకుండా సంతకం చేయకండి. నకలు అడిగి తీసుకోండి.

రెండవది బీమా. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుఫాను నష్టానికి వర్తిస్తుంది. కట్టడానికి బీమా చేస్తే, అందులో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు, ఇంటి సామానుకు కూడా రక్షణ లభిస్తుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే బీమా చేయించుకోవచ్చు. నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలిపి, క్లెయిము సంఖ్య రాసుకోండి. సర్వేయరు వచ్చినప్పుడు మీరు స్వయంగా ఉండి ప్రతి గదీ చూపండి. ఏళ్ల తరబడి అరిగిన కప్పుకు బీమా వర్తించదు. అందుచేత వానాకాలానికి ముందే కప్పును ఫొటో తీసి ఉంచడం మేలు.

క్లెయిమును తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా కోరండి. మొదట కంపెనీకే ఫిర్యాదు చేయండి. ఫలితం లేకుంటే భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత ఫోను సంఖ్య 155255.

కూలిన కప్పును మళ్లీ వేసుకోవచ్చు; చేజారిన సాక్ష్యాన్ని మాత్రం తిరిగి తేలేము.